సంతోషంగా ఇచ్చింది సంతోషంగా తీసుకోండి

మార్చి నెల. మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాల్వ చివరి ఆయకట్టు. యాసంగి వరి పొట్ట దశలో ఉంది. కాల్వ నీళ్లు వంతుల వారీగా వస్తున్నాయి. సరిగ్గా వంతు వచ్చిన రోజే కరెంటులో ఒక ఫేజ్ పోయింది. ఐదు హెచ్‌పీ మోనోబ్లాక్ మోటార్ కాసేపు మూలిగి కాలిపోయింది.

రాత్రి ఎనిమిదింటికి రైతు ఆ మోటార్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని టౌన్‌లోని వైండింగ్ షాపుకు వచ్చాడు. షాపు తమ్ముడు అప్పుడే షట్టర్ దించుతున్నాడు. రైతు ముఖం చూసి మళ్లీ ఎత్తాడు.

ఆ రాత్రి నేను ఆ షాపు బల్ల మీద కూర్చుని చూశాను. కాలిన కాయిల్స్‌ను ఉలితో కోసి బయటికి లాగాడు. చుట్లు లెక్కపెట్టాడు. తీగ గేజ్ కొలిచాడు. స్లాట్లు గీకి, తుడిచి, ఇన్సులేషన్ పేపర్ పెట్టాడు. కొత్త రాగి తీగ చుట్టి ఒక్కో కాయిల్‌ను బొటనవేలితో నొక్కి లోపల కూర్చోబెట్టాడు. పైన వెదురు పుల్లలు దిగ్గొట్టాడు. దారంతో బిగించి కట్టాడు. వార్నిష్ పోసి, బల్బుల వేడికి ఆరబెట్టాడు. పొద్దున ఆరున్నరకు సిరీస్ బల్బు పెట్టి చూశాడు. ఎక్కడా ఎర్త్ లేదు. స్విచ్ వేశాడు. మోటార్ గుండ్రంగా, చప్పుడు లేకుండా తిరిగింది.

రైతు ముఖం వెలిగిపోయింది. "ఎంతయింది అల్లుడూ?" అన్నాడు.

"నీ ఇష్టం మామా. ఎంతో కొంత ఇయ్యి."

రైతు నాలుగు వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఒక నిమిషం ఆగి ఇంకో రెండు వందలు తీశాడు. "ఇగో, చాయ్ పైసలకు ఉంచు." తమ్ముడు మూడుసార్లు "వద్దు మామా" అన్నాడు. చివరికి తల దించుకుని, నోట్లు చూడకుండా జేబులో కుక్కుకున్నాడు.

తర్వాత లెక్క అడిగాను. తీగ, పేపర్, వార్నిష్, రెండు బేరింగులు కలిపి సామానుకే 3,100 అయింది. అంటే రాత్రంతా చేసిన పనికి మిగిలింది 900. పైన చాయ్ పైసలు 200. "నీ కూలి ఎంత మరి?" అన్నాను. అతని దగ్గర జవాబు లేదు. నాకు అర్థమైంది ఏమిటంటే, అటు రైతు కూడా ఎక్కువిచ్చానా, తక్కువిచ్చానా అని ఆలోచిస్తూనే ఊరికి పోయి ఉంటాడు.

పని అద్భుతంగా జరిగింది. డబ్బు మాత్రం ఇద్దరికీ ఇబ్బందిగా చేతులు మారింది.

మీరు మెకానిక్ అయితే, వైండర్ అయితే, ఫిట్టర్ అయితే, ఫ్రిజ్-ఏసీ పని చేసేవారైతే, ఈ వ్యాసం మీకోసమే. మీ చేతిలో విద్య ఉంది. పని నేర్చుకోవడానికి సంవత్సరాలు పెట్టారు. ఇప్పుడు ఇంకొక్క స్కిల్ నేర్చుకుందాం: తీసుకోవడం. అవును, తీసుకోవడం కూడా స్కిల్లే. దాన్ని ఎవరైనా నేర్చుకోవచ్చు. మీరూ నేర్చుకుంటారు.

ముందు ఆ రెండు మాటలు మానేయండి

"మీ ఇష్టం."

సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఏ రిపేర్ షాపు ముందు నిలబడ్డా రోజుకు పదిసార్లు ఈ మాట వినబడుతుంది. మీ ఇష్టం సార్. నీ ఇష్టం అన్నా. మీకు తోచినంత ఇయ్యండి అక్కా. వినడానికి ఎంతో మర్యాదగా ఉంటుంది. మీ జేబుకు మాత్రం చాలా ఖరీదైన మాట ఇది.

ఎందుకంటే ఈ మాట అనగానే మీ కూలి, వాళ్ల సంతోషం రెండూ ఒకే నోట్ల కట్టలో కలిసిపోతాయి. ఏది మీ హక్కు, ఏది వాళ్ల ప్రేమ అని మీకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. తక్కువిస్తే లోలోపల రగిలిపోతారు. ఎక్కువిస్తే తప్పు చేసినట్టు ముడుచుకుపోతారు. రెండు విధాలా నష్టం మీదే.

ఈ భయం మీది ఒక్కరిది కాదు. దీనికి చరిత్ర ఉంది. కొంచెం ఓపిగ్గా వినండి.

మన ఊళ్లలో కమ్మరి, వడ్రంగి వంటి చేతిపనివాళ్లకు ఒకప్పుడు పనికి పని, పైసకు పైస లెక్క ఉండేది కాదు. నాగలి కర్రు సరిచేస్తే, బండి చక్రానికి పట్టా వేస్తే, దాని ప్రతిఫలం పంట చేతికొచ్చాక కల్లం దగ్గర ధాన్యంగా వచ్చేది. దాన్ని మేర అనేవాళ్లు. పేరుకు హక్కే. కానీ కొలిచే చేయి మాత్రం ఆసామిదే. చేటలో ఎంత పోస్తే అంత. పనివాడు గోనె పట్టుకుని నిలబడాలి.

దొరల రాజ్యంలో అది కూడా లేదు. వెట్టి. పని చేయాలి, ప్రతిఫలం అడగకూడదు. ఆ వెట్టి మీద తిరగబడ్డ నేల ఇదే. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి ఉమ్మడి నల్లగొండ జిల్లా గుండెకాయ. కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి ఇంట్లో పుట్టిన మల్లు స్వరాజ్యం వెట్టికి ఎదురు నిలిచి తుపాకీ పట్టారు. తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. చేసిన పనికి ధర అడిగే హక్కు ఈ జిల్లాకు ఊరికే రాలేదు.

మరి ఆ పోరాటాల నేల మీద పుట్టిన మీరు ఇవాళ మీ సొంత షాపులో, మీ సొంత పానాతో పని చేసి, "మీ ఇష్టం" అంటారా? ఆ మాట మీది కాదు. పాత కాలపు భయం మీ నోట్లో మిగిలిపోయింది, అంతే. దాన్ని ఇవాళే దించేయండి.

మూడు రకాల డబ్బు

కస్టమర్ చేతి నుంచి మీ చేతికి వచ్చే డబ్బు మూడు రకాలు. నోటు ఒకటే. మనసులో మూడు వేర్వేరు జేబులు పెట్టుకోండి.

మొదటిది బిల్లు. సామాను, మీ చేతి కూలి, మీ టైమ్. దీని ధర మీరు చెప్పాలి. ఇందులో వాళ్ల ఇష్టం లేదు.

రెండోది చాయ్ పైసలు. టిప్పు, ఇనాం, బక్షీస్, దసరా మామూలు, ఏ పేరైనా పెట్టుకోండి. దీని ధర వాళ్లు చెప్పాలి. ఇందులో మీ ఇష్టం లేదు.

మూడోది పనికి ముందే వచ్చే డబ్బు. "ఇగో అన్నా, ఈ మూడొందలు ఉంచు, క్యూలో ఆరు మోటార్లు ఉన్నా మాది ముందు చెయ్యి." ఇది చాయ్ పైసల వేషం వేసుకుని వస్తుంది. మోసపోకండి. తమకంటే ముందు వచ్చి కూర్చున్న ఇంకో రైతు నీళ్ల వంతును మీతో అమ్మిస్తున్నారు. దీన్ని నవ్వుతూ, కానీ వెంటనే తిరిగి ఇచ్చేయండి. "నీ నంబర్ నాలుగు అన్నా. సాయంత్రానికి అయిపోతది." అంతే. ఒక్కసారి తీసుకున్నారో, మీ షాపు ముందు క్యూ అనేదే ఉండదు. వేలంపాట ఉంటుంది.

ఇంకో మాట. మీరు సొంత షాపు మెకానిక్ కాకుండా ప్రభుత్వ ఉద్యోగి అయితే ఈ వ్యాసంలోని రెండో జేబు మీకు లేదు. లైన్‌మన్‌గా ఫ్యూజు వేసినందుకు రైతు ప్రేమతో ఇచ్చినా, అలవాటుగా ఇచ్చినా మీ జీతం బయటి పైస మీకు వద్దు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం చాలా స్పష్టంగా ఉంది. ఏసీబీ టోల్‌ఫ్రీ నంబర్ 1064 మన ఆఫీసుల గోడల మీదే ఉంటుంది. కంపెనీ సర్వీస్ సెంటర్ తరఫున వారంటీ పనికి వెళ్లేవారు కూడా ముందు మీ కంపెనీ రూల్ ఏమిటో కనుక్కోండి. కస్టమర్ ఇంట్లో తేల్చుకునే విషయం కాదిది.

ధర చెప్పే పది సెకన్లు

చాయ్ పైసలు శుభ్రంగా తీసుకోవాలంటే మొదలు బిల్లు శుభ్రంగా ఉండాలి. అందుకే మొదటి అలవాటు ధర దగ్గరే.

పని మొదలుపెట్టక ముందే చెప్పండి. పానా పట్టుకోక ముందే. "అన్నా, వైండింగ్ మొత్తం పోయింది. సామాను 3,100. నా కూలి 1,400. రాత్రి పని కాబట్టి 300 ఎక్స్‌ట్రా. మొత్తం 4,800. చెయ్యమంటవా?" అయిపోయింది. పది సెకన్లు పట్టింది.

మొదట్లో గొంతు వణుకుతుంది. వణకనివ్వండి. నాలుగో కస్టమర్‌కు గొంతు కుదురుకుంటుంది. పదో కస్టమర్‌కు మీరే మర్చిపోతారు భయం సంగతి.

కొందరు బేరం ఆడతారు. ఆడనివ్వండి, అది వాళ్ల హక్కు. తగ్గించగలిగితే కూలిలో తగ్గించండి, కానీ సామానులో నాసిరకం పెట్టి తగ్గించకండి. ఈ ఒక్క విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను. తక్కువ గేజ్ తీగ చుట్టి 200 తగ్గించిన వైండర్, రైతుకు 200 మిగల్చలేదు. వచ్చే నెల ఇంకో రాత్రిని అప్పుగా ఇచ్చాడు.

ధర ముందే చెప్పినప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. చివర్లో ఎవరైనా ఇంకో వంద ఇస్తే అది ఏమిటో ఇద్దరికీ తెలుసు. అది కూలి లోటు పూడ్చడానికి వచ్చింది కాదు. జాలి అసలే కాదు. మీ పని వాళ్లకు నచ్చింది. ఇక తల దించుకోవాల్సిన పని ఏముంది?

కోదాడ హైవే మీద అర్ధరాత్రి

65వ నంబర్ జాతీయ రహదారి. హైదరాబాద్ నుంచి సుమారు 135 కిలోమీటర్లు వస్తే సూర్యాపేట. ఇంకాస్త ముందుకు పోతే కోదాడ. ఆ తర్వాత ఆంధ్రా సరిహద్దు. ఈ దారి మీద రాత్రింబవళ్లు లారీలు. వాటి కోసం రాత్రింబవళ్లు మెకానిక్కులు.

ఈ హైవే మెకానిక్‌కు అసలైన పరీక్ష ఉంటుంది. మిర్యాలగూడ వైండర్ దగ్గరికి వచ్చిన రైతు రేపు మళ్లీ వస్తాడు, ఎల్లుండి వాళ్ల బావమరిది వస్తాడు. హైవే మీద ఆగిన లారీ డ్రైవర్ మాత్రం మళ్లీ జన్మలో కనబడకపోవచ్చు. వేరే రాష్ట్రం బండి. వేరే భాష. రాత్రి రెండు గంటలు. బ్రేక్ ఎయిర్ లీక్. ప్రెజర్ ఎక్కడం లేదు, బండి కదలదు. ఇంత అడిగినా ఇస్తాడు, అంత అడిగినా ఇస్తాడు.

అక్కడ ఒక పెద్దాయన పని చేస్తుంటే చూశాను. ఇంజిన్ స్టార్ట్ చేయించి, లైటు ఆపేసి, బండి కింద పడుకుని చెవి పెట్టాడు. సబ్బు నురగ కాస్త పైపుల జాయింట్ మీద రాశాడు. ఒక చోట బుడగ లేచింది. "గీడనే." పది నిమిషాల్లో జాయింట్ మార్చాడు. "ఛే సౌ, భాయ్," అన్నాడు. మొదట్లో చెప్పిన ఆరు వందలే. అర్ధరాత్రి రేటు ముందే చెప్పాడు కాబట్టి అందులో మోసం లేదు.

డ్రైవర్ ఏడు వందలు ఇచ్చి "చాయ్ పీ లేనా ఉస్తాద్" అన్నాడు. పెద్దాయన ఏం చేశాడో చూడండి. కాటన్ వేస్ట్‌తో చేతులు తుడుచుకున్నాడు. కుడి చేత్తో తీసుకున్నాడు. డ్రైవర్ కళ్లలోకి చూసి "శుక్రియా భాయ్. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు ఒకసారి ప్రెజర్ చూస్కో" అని హిందీలో చెప్పాడు. నోట్లు లెక్కపెట్టలేదు. అటూ ఇటూ చూడలేదు. మూడు సెకన్లలో అయిపోయింది.

ఆ మూడు సెకన్లను విడదీసి ప్రాక్టీస్ చేయండి:

- చేయి తుడుచుకోండి. ఇచ్చేవాళ్ల నోటుకూ, మీ చేతికీ అది మర్యాద.
- ఒక్కసారి "ఎందుకన్నా" అనడం మన పద్ధతి. అనండి. రెండోసారి అనకండి. మూడోసారి అంటే ఇచ్చేవాళ్లను మీరే ఇబ్బంది పెడుతున్నట్టు.
- కళ్లలోకి చూసి థ్యాంక్స్ చెప్పండి. తల దించి గొణగకండి.
- వెంటనే పనికి సంబంధించిన ఒక మంచి మాట చెప్పండి. "స్టార్టర్ దగ్గర ప్రివెంటర్ పెట్టించు మామా, మళ్లీ ఫేజ్ పోయినా మోటార్ కాలదు." డబ్బు కంటే ఈ మాటే వాళ్లకు ఎక్కువ రోజులు గుర్తుంటుంది.
- వాళ్ల ముందు లెక్కపెట్టకండి. ఎంతిచ్చినా అదే నవ్వు. పదిచ్చినా, ఐదొందలిచ్చినా.

చివరిది కష్టం. నాకు తెలుసు. మిర్యాలగూడలో వందకు పైగా రైస్ మిల్లులు ఉన్నాయి. యాసంగి కోతలప్పుడు మిల్లు గేటు బయట పచ్చి వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఎలివేటర్ బెల్టు తెగితే, రబ్బర్ రోలర్లు అరిగిపోయి పట్టు వదిలేస్తే సేటుకు ఒక్కో గంట ఒక్కో యుగం. అప్పుడు పని చేసిన ఫిట్టర్‌కు సేటు ఐదొందల నోటు సులువుగా ఇస్తాడు. మర్నాడు ఒక ముసలమ్మ టేబుల్ ఫ్యాన్ తెస్తుంది. కండెన్సర్ మార్చినందుకు బిల్లు ఇచ్చి, కొంగు ముడి విప్పి పది రూపాయలు తీసి "చాయ్ తాగు బిడ్డా" అంటుంది. ఆ పదికీ ఈ ఐదొందలకూ ముఖంలో తేడా కనబడితే, ఇంకా మీరు నేర్చుకోవాల్సింది ఉన్నట్టే. కనబడకపోతే, మీరు ఉస్తాద్ అయ్యారు.

ఎప్పుడు వద్దనాలి?

మీరు చేసిన పనే ఫెయిలై బండి తిరిగి వచ్చినప్పుడు. రీవర్క్ మీద చాయ్ పైసలు ముట్టకండి. వాళ్లు బలవంతం చేసినా సరే. "నా తప్పే అన్నా, నేను సరిచేసిన. దీనికేం వద్దు" అనండి. ఈ ఒక్క వాక్యం మీ షాపుకు బోర్డు కంటే పెద్ద పబ్లిసిటీ.

ఇచ్చేవాళ్లు బస్ చార్జీలకే చూసుకుంటున్నట్టు కనబడినప్పుడు. స్టూడెంట్లు, చేను ఎండిపోయి దిగాలుగా వచ్చిన కౌలు రైతు. "పంట చేతికొచ్చినంక ఇయ్యి మామా" అంటే వాళ్ల గౌరవం కూడా నిలబడుతుంది. ఉత్తగా వద్దంటే చిన్నబుచ్చుకుంటారు.

ఇక మందు పోయిస్తాం రా అనేవాళ్ల సంగతి. వద్దు. షాపుకు పొద్దున తొమ్మిదికి రావాలి మీరు.

పిల్లల బొమ్మల నుంచి ఒక పాఠం

ఇక్కడ ఒక రీసెర్చ్ చెప్పాలి. నాకు చాలా ఇష్టమైనది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే అమెరికన్ సైకాలజిస్టులు ఒక నర్సరీ స్కూల్లో పిల్లల మీద చేశారు. బొమ్మలు గీయడం అంటే ఇష్టపడే పిల్లల్ని మూడు గ్రూపులు చేశారు. మొదటి గ్రూపుకు "బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో గ్రూపుకు ఏమీ చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మూడో గ్రూపుకు ఏమీ లేదు.

కొన్ని రోజుల తర్వాత క్లాసులో ఊరికే కాగితాలు, రంగు పెన్నులు పెట్టి చూశారు. ముందే ఆశపెట్టిన పిల్లలకు బొమ్మల మీద ఆసక్తి తగ్గిపోయింది. అనుకోకుండా బహుమతి వచ్చిన పిల్లలకు తగ్గలేదు.

ఇప్పుడు దీన్ని మీ షాపుకు తెచ్చుకోండి. చాయ్ పైసలు రావడం మీ పనిని పాడుచేయదు. వాటి కోసం ఎదురుచూడటమే పాడుచేస్తుంది. "ఈయన ఇస్తడు, ఈయన ఇయ్యడు" అని కస్టమర్ చెప్పులు చూసి, బండి మోడల్ చూసి అంచనా వేయడం మొదలైన రోజే మీ చేతి శ్రద్ధ రెండు ముక్కలవుతుంది. బులెట్ బండి కార్బొరేటర్ ఒకలా, టీవీఎస్ ఎక్సెల్ కార్బొరేటర్ ఇంకోలా శుభ్రం చేస్తారు. పెట్రోలుకు ఆ తేడా తెలియదు కదా.

కాబట్టి నెల ఖర్చుల లెక్కలో చాయ్ పైసల్ని కలపకండి. ఇంటి అద్దె, ఫీజులు, చిట్టీ, అన్నీ బిల్లు డబ్బుతోనే నడవాలి. నడవడం లేదంటే మీ కూలి తక్కువ ఉందని అర్థం. కూలి పెంచండి. టిప్పు కోసం మొహం వేలాడేయకండి.

అమెరికాలో దీన్ని తలకిందులు చేశారు. అక్కడ టిప్పులు తీసుకునే ఉద్యోగికి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అంతే. మిగతాది మొదట కస్టమర్ల టిప్పులతో నిండాలి, నిండకపోతేనే యజమాని పూడ్చాలి. మన దగ్గరి నుంచి చదువుకోడానికి వెళ్లి రెస్టారెంట్లలో పని చేసిన పిల్లల్ని అడగండి, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెబుతారు. ఇటు జపాన్‌లో టిప్పు ఇవ్వబోతే చాలా చోట్ల వెనక్కి ఇచ్చేస్తారు. మన పద్ధతి ఈ రెంటి మధ్య ఉంది. మంచి పద్ధతే. దాన్ని మనమే చెడగొట్టుకోకుండా ఉంటే చాలు.

అలాగే బిల్లులో "చాయ్ ఖర్చు 50" అని రాసే షాపులు కొన్ని కనిపిస్తున్నాయి. దయచేసి మానండి. హోటళ్లు సర్వీస్ చార్జీని తమంతట తామే బిల్లులో కలపకూడదని 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. హోటళ్లకు చెప్పిన ఆ మాటలోని న్యాయం మీ షాపుకూ సరిపోతుంది. ఇష్టపడి ఇచ్చేదాన్ని బిల్లులో రాస్తే ఇక ఇష్టం ఎక్కడుంది?

ఫోన్‌పే బాక్స్ అరిచినప్పుడు

ఇప్పుడు కొత్త సమస్య. ఇది చిన్నది కాదు.

ఇంతకుముందు కస్టమర్ సేటుకు బిల్లు ఇచ్చి, పోతూ పోతూ పని చేసిన అబ్బాయి జేబులో ఇరవై పెట్టేవాడు. ఇప్పుడు అందరూ స్కాన్ చేస్తున్నారు. బిల్లు 650. కస్టమర్ 700 కొట్టి, అబ్బాయి వైపు చూసి "యాభై నీకు తమ్మీ" అని బండెక్కి వెళ్లిపోతాడు. కౌంటర్ మీద బాక్స్ ఏడు వందల రూపాయలు వచ్చాయని గట్టిగా అరుస్తుంది. డబ్బు సేటు అకౌంట్లో పడింది. అబ్బాయి అడగలేడు. సేటుకు గుర్తుండదు. రోజుకు మూడుసార్లు ఇలా జరిగితే నెల తిరిగేసరికి ఆ అబ్బాయి మనసులో ఏం పేరుకుంటుందో ఆలోచించండి.

సేటుగారూ, ఇది మీకు. ఆ యాభై మీది కాదు. ఇంగ్లండ్‌లో టిప్పులు మొత్తం పనివాళ్లకే పంచాలని 2023లో చట్టమే చేశారు. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన దగ్గర చట్టం కోసం ఆగకండి. కౌంటర్ మీద ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. తేదీ, ఎంత ఎక్కువ వచ్చింది, ఎవరి పని. రాత్రి షట్టర్ వేసే ముందు గల్లాలోంచి తీసి అబ్బాయి చేతిలో పెట్టండి. నాలుగు రోజులు చేయండి, ఐదో రోజు నుంచి అబ్బాయి మీరు చెప్పకుండానే బెంచీ తుడుస్తాడు.

ఇద్దరు ముగ్గురు కలిసి ఒక బండి మీద పని చేస్తే? డబ్బా పెట్టండి. వారానికోసారి అందరి ముందు తెరిచి పంచండి. హెల్పర్‌కు కూడా వాటా. గ్రీజు అంటింది వాడి చేతులకే ఎక్కువ. వాటాలు మొదటి రోజే మాట్లాడుకోండి. డబ్బా నిండాక మాట్లాడుకుంటే అది గొడవ అవుతుంది.

అబ్బాయిలూ, మీకు కూడా ఒక మాట. సేటు కళ్లుగప్పి తీసుకోకండి. కస్టమర్ బయట నోటు ఇచ్చాడా? లోపలికి వచ్చి "సేటూ, ఆయన నాకు యాభై ఇచ్చిండు" అని చెప్పండి. సేటు అడగడు. అయినా చెప్పండి. దాచిన యాభై కంటే చెప్పిన యాభై మీద మీకు నిద్ర బాగా పడుతుంది. రేపు మీరు సొంత షాపు పెట్టేటప్పుడు సామాన్ల షాపులో మీకు ఉద్దెర ఇప్పించేది ఈ సేటు మాటే.

దసరా వచ్చినప్పుడు

నగదే రావాలని లేదు. మన ప్రాంతంలో సంతోషం చాలా రూపాల్లో వస్తుంది. కొత్త బియ్యం పది కిలోలు. చేలో పండిన మిరపకాయలు. పెరుగు డబ్బా. దసరాకు పానాలు, స్క్రూడ్రైవర్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేసే రోజున పాత కస్టమర్లు వచ్చి మామూలు ఇచ్చిపోతారు. దీన్ని ఇంటికి తీసుకుపోండి. పిల్లలకు చెప్పండి, "మనం మోటార్ బాగుచేసిన తాత పంపిండు" అని. నాన్న పని ఏమిటో పిల్లలకు తెలిసే రోజు అది.

అయితే పండుగ పేరు చెప్పి ఫోన్లు చేసి అడగకండి. అడిగితే అది చందా అవుతుంది.

మొన్న మళ్లీ ఆ వైండర్ తమ్ముడి షాపుకు వెళ్లాను. ఈసారి ఒక సబ్‌మెర్సిబుల్ వచ్చి ఉంది. రైతు "ఎంతయితది?" అన్నాడు. తమ్ముడి పెదవి మీదికి పాత మాట రావడం నేను చూశాను. "మీ" వరకు వచ్చింది. ఆగాడు. గుటక మింగాడు. గోడ వైపు చూశాడు. "సామాను చూసి చెప్తానన్నా, కూలి మాత్రం 1,500" అన్నాడు.

రైతు "సరే చెయ్యి" అన్నాడు. అంతే. ఆకాశం కూలిపోలేదు.

గోడ మీద ఒక బోర్డు ఉంది. వాళ్ల చెల్లెలు రాసిందట. మీరు కూడా ఈ రాత్రే ఒకటి రాయించండి. ఎక్కువేమీ అక్కర్లేదు. మూడు హెచ్‌పీ, ఐదు హెచ్‌పీ, ఏడున్నర హెచ్‌పీ. పక్కన చేతి కూలి. రాత్రి పనికి, ఊరికి వచ్చి చేస్తే ఎంత ఎక్కువ. ఎన్ని నెలల గ్యారంటీ. ఇవన్నీ పెయింట్‌తో రాయించండి. రాగి తీగ ధర దగ్గర మాత్రం చాక్‌పీసు వాడండి. అది తరచూ మారుతుంటుంది.